మేస్త్రీ పెట్టిన దక్షిణపు కిటికీలు

ఆ రోజు తెల్లవారకముందే కువైట్‌లో వాన మొదలైంది. అర్దియాలో మేముండే బిల్డింగు ముందు రోడ్డు మీద చీలమండల దాకా నీళ్లు నిలిచాయి. నా హాఫ్ లారీలో ముందు రోజు సాయంత్రం ఎక్కించిన థర్మాకోల్ పలకలు ఉన్నాయి. ఎగైలాలో కడుతున్న ఒక విల్లాకు ఎనిమిదింటికల్లా వాటిని దించాలి. నా గదిలోనే ఉండే, గోడ కట్టే మేస్త్రీ కూడా నాతోనే రావాలి. ఐదింటికి లేచి నేను టీ పెడుతుంటే, ఆయన రొమ్ము మీద చెయ్యి వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. “రోంత ఆగి పోదాం సాయిబూ” అన్నాడు. పనికి పోయే వేళ ఆయన ఆగుదామనడం పదేళ్లలో అదే మొదలు. పలకలు దించకుండానే లారీని ఆసుపత్రికి తిప్పాను. ఆరు గంటలకు ఆయన పోయాడు.

ఎనిమిదింటికి వాళ్ల ఊరికి ఫోన్ చేశాను. ఆయన బావమరిది ఎత్తాడు. చెప్పాల్సింది చెప్పాను. తర్వాత అతడు అడిగింది ఒక్కటే.

“ఎన్ని గంటలకు పోయినాడు బాయ్?”

“పొద్దున ఆరింటికి.”

“ఆరింటికంట” అని అతడు పక్కనున్న ఎవరికో చెప్పడం వినిపించింది.

పదింటికి పలకలు ఎగైలాలో దించాను. అక్కడి సూపర్‌వైజరు, మేస్త్రీ ఏడని హిందీలో అడిగాడు. చెప్పాను. “ఖలాస్?” అన్నాడు. తర్వాత తడిసిన పలకలు వేరుగా పెట్టమన్నాడు. పెట్టాను.

మాది రాయచోటి దగ్గర. మేస్త్రీది మదనపల్లెకు పైన, కొండ వాలు మీద ఊరు. రెండూ ఒక జిల్లాలోనివే గానీ చలి విషయంలో సంబంధం లేదు. మా ఊళ్లో చలి అంటే పొద్దున పూట ఒక దుప్పటి. వాళ్ల ఊళ్లో కార్తీకం నుంచి మాఘం దాకా టమేటా తోటలు మంచుకు తడిసి ఉంటాయి, పది గంటలైతే గానీ కాయ కోయడానికి వేళ్లు వంగవు. ఉత్తరాదిలో నీళ్లు గడ్డకట్టే చలి లాంటిది కాదు అది. “ఇల్లు సరిగ్గా కడితే నిప్పు లేకుండా గడిపేసే చలి. సరిగ్గా కట్టకపోతే మనిషిని నిదానంగా తినే చలి” అనేవాడు మేస్త్రీ. తినడం ఆయన ఇంట్లోనే జరుగుతోంది. ఆయన భార్యకు ఉబ్బసం. ఆమెను నేను వదిన అంటాను. వాళ్ల పాత ఇల్లు రేకులది, తలుపూ కిటికీలూ ఉత్తరానికే. చలికాలం రాత్రులు ఆమె పడుకోలేకపోయేది, గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ గోడా చెమ్మే. మేస్త్రీ ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడేవాడు కాబట్టి మాటకూ మాటకూ మధ్య ఆమె రొమ్ములోంచి వచ్చే ఈల గదిలో ఉన్న నలుగురమూ వినేవాళ్లం. వింటూ అన్నం తినేవాళ్లం.

మేస్త్రీ ఇక్కడ చేసింది జంట గోడల పని. బయట ఒక గోడ, లోపల ఒక గోడ, వాటి మధ్య నేను మోసుకొచ్చే పలక. ఎండ లోపలికి రాకూడదు, ఏసీ చల్లదనం బయటికి పోకూడదు. ఇరవై ఏళ్లకు పైగా అదే కట్టాడు. రెండు పలకల అతుకు దగ్గర వేలి సందు కనిపించినా ఆ వరస ఊడదీయించేవాడు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాస్తారు. కానీ పనిలో ఆయనతో పడడం కష్టం. పలకలు ఎండలో దించానని ఒకసారి నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఒకే గదిలో ఉంటూ, ఉప్పు డబ్బా కావాలంటే పక్కవాణ్ణి అడిగేవాడు.

ఎక్కడికి పోయినా ముందు గోడకు మణికట్టు వెనక భాగం ఆనించి చూడడం ఆయనకు అలవాటు. జ్వరం చూసినట్టు చూసేవాడు. కువైట్ సిటీలో ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిటు, పని మీద ఆఫీసుకు పోతే వరసలో నన్ను నిలబెట్టి, నాలుగు వైపులా గోడలు ముట్టుకుని వచ్చేవాడు. “అంతా అద్దాలు సాయిబూ. ఏసీ ఆపితే అరగంటలో అందరూ పరిగెత్తాల” అన్నాడు ఒకసారి. పక్కన నిలబడిన మలయాళీ ఆయన ఏమన్నాడని అడిగితే నేను అనువాదం చెయ్యలేదు.

సొంత ఊళ్లో ఇల్లు కట్టాలన్న ఆలోచన ఈ పనిలోంచే పుట్టింది. “గోడకు ఎండేదో చలేదో తెలీదు. ఆపమంటే ఆపతాది. ఏది ఆపాల్నో మనమే చెప్పాల” అనేవాడు. సైటులో ఒక ముసలి ఈజిప్టు ఇంజనీరు ఉండేవాడు. మధ్యాహ్నం రొట్టె తినే వేళ మేస్త్రీ సిమెంటు సంచి చింపి మేకుతో గీతలు గీసి ఆయన ముందు పెట్టేవాడు. వచ్చీరాని అరబ్బీలో ఇద్దరూ వాదులాడుకునేవాళ్లు. ఇంజనీరు చెప్పిన సంగతి చిన్నదే. వేడి దేశంలో ఎండకు వీపు చూపించి కట్టాలి, చలి ఉన్న చోట ఎండకు మొహం చూపించి కట్టాలి. చలికాలం సూర్యుడు దక్షిణానికి వంగి నడుస్తాడు కాబట్టి పెద్ద కిటికీలు దక్షిణానికి. చలిగాలి వచ్చే ఉత్తరానికి మందమైన గోడ, దాని పక్కన కొట్టు గది, స్నానాల గది. ఎండ పడే చోట నల్లటి బరువైన నేల. అది పగలంతా వేడి తాగి సాయంత్రం వదులుతుంది.

“మరి ఎండాకాలం?” అని నేనడిగాను. మాకు చలి కంటే ఎండ భయమే ఎక్కువ కదా.

“ఎండాకాలం మన దిక్కు సూర్యుడు నెత్తి మీదికొచ్చి ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. దక్షిణం కిటికీలోకి తొంగి కూడా చూడడు. పైన చిన్న సజ్జ ఉంటే చాలు” అన్నాడు. నేను అంతకుముందు ముప్పై ఏడేళ్లు సూర్యుడి కిందే తిరిగాను. ఆయన ఎటు నడుస్తాడో ఎప్పుడూ చూడలేదు.

ఆ సజ్జ దగ్గరే తప్పు జరిగింది. సజ్జ ఎంత పొడుగుండాలో తెలియాలంటే చలికాలం మిట్టమధ్యాహ్నం నీడ ఎంత పడుతుందో తెలియాలి. ఒక డిసెంబరు శుక్రవారం పన్నెండింటికి మేస్త్రీ మా బిల్డింగు మీద గజం కర్ర నిలబెట్టి నీడ కొలిచాడు. ఐదు జానల పైన వచ్చింది. అప్పుడే వదినకు ఫోన్ చేసి, వాకిట్లో గజం కర్ర నాటి వెంటనే నీడ కొలవమన్నాడు. ఆమె కొలిచి నాలుగున్నర జానలంది. మేస్త్రీకి సంతోషం పట్టలేదు. రెండు చోట్లా సూర్యుడు దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాడని, ఇక్కడి లెక్కే అక్కడా వేసి, లోపలికి ఎండ ఎక్కువవుతుందని పొడుగు సజ్జ గీశాడు. మర్నాడు ఇంజనీరు ఆ కాగితం చూసి నవ్వాడు. మీ ఊరు ఇక్కడికంటే చాలా దక్షిణాన ఉంది, నీడ ఇంత పొడుగు రావడానికి వీల్లేదన్నాడు.

మేస్త్రీ మళ్లీ ఫోన్ చేశాడు.

“నువ్వు కొలిచింది పన్నెండింటికేనా?”

“పన్నెండేంది? నువ్వు చేసినప్పుడు రెండున్నర. అన్నం తిని గిన్నెలు కూడా తోమినా.”

“రెండున్నరా?”

“నువ్వే కదా ఇప్పుడే కొలువు అన్నావు. ఇప్పుడే అంటే నాకు ఇప్పుడే.”

గదిలో అందరం నవ్వాం. కువైట్‌లో పన్నెండైతే మన దగ్గర రెండున్నర. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్న మనిషికి అది తెలియక కాదు, ఆ సమయానికి గుర్తు రాలేదు. ఆమె మర్నాడు తన మధ్యాహ్నం పన్నెండింటికి కొలిస్తే మూడు జానలే వచ్చింది. ఆయన సజ్జను అడుగున్నరకు తగ్గించాడు. ఆ రోజు నుంచి ఎవరు ఏ టైము చెప్పినా “ఈడిదా, ఆడిదా?” అని అడగడం ఆయనకు అలవాటైంది. విమానం టైము చెప్పినా, కూలీ బస్సు టైము చెప్పినా అడిగేవాడు. మేము విసుక్కునేవాళ్లం.

ఇల్లు ఫోన్లోనే కట్టాడు. సిమెంటు సంచుల మీద గీసింది ఫొటో తీసి పంపేవాడు, పొద్దున పనికి పోయే దారిలో లారీలో కూర్చుని వాయిస్ మెసేజీలు పెట్టేవాడు. అక్కడ బావమరిది నిలబడి చేయించేవాడు. మంచి మనిషి, అక్క అంటే ప్రాణం. కానీ ఊరి మాటలకు తొందరగా బెదురుతాడు.

“బావా, ఈడి మేస్త్రీలు నవ్వుతాండారు. రెండు గోడలు కట్టి నడిమిన ఏం దాస్తాడు మీ బావ, కువైట్ బంగారమా అంటాండారు.”

“గాలి దాస్తానని చెప్పు.”

“నల్ల కడప బండలేంది బావా ఇంట్లో? బర్రెల కొట్టంలో పరుస్తారు అవి. చూసేవాళ్లు ఏమనుకుంటారు?”

“చూసేవాళ్లు వచ్చి పండుకుంటారా దాని మింద? పండుకునేది మీయక్క.”

ఇద్దరి మధ్యా పెద్ద తగవు కిటికీల దగ్గర వచ్చింది. దక్షిణం గోడకు మోకాలి ఎత్తు నుంచి మొదలయ్యే రెండు పెద్ద కిటికీలు. ఉత్తరానికి చేటంత ఒకటి. వాస్తు చూసే ఆయన పునాది దగ్గరే అంతా తలకిందులుగా ఉందన్నాడు. ఉత్తరం మూసి దక్షిణం అంత నోరు తెరవడం యజమానికి మంచిది కాదు, దక్షిణం యముడి దిక్కు అని చెప్పి వెళ్లాడు. అది విన్న సాయంత్రమే బావమరిది ఫోన్ చేసి, కిటికీలు మార్చేద్దామన్నాడు. మేస్త్రీ బ్రెడ్డు ముక్క పప్పులో ముంచుకుంటూ జవాబు చెప్పాడు.

“యముడు కిటికీ కొలతలు చూసుకొని వస్తాడంట్రా? ఈడ నేనుండే గదికి అసలు కిటికీనే లేదు. రావాలంటే ఈడికీ వస్తాడు. నువ్వు కట్టించు.”

అప్పుడూ నవ్వాం. గదికి కిటికీ లేదన్నది నిజం. మేముండేది మిద్దె మీద రేకులతో లేపిన గది. ఎండాకాలం ఏసీ ఉంటుంది కాబట్టి గడుస్తుంది, చలికాలం ఏమీ ఉండదు. పని దగ్గర పారేసిన పలకల ముక్కలు తెచ్చి మేస్త్రీ ఒక చలికాలం ఉత్తరం రేకుకు లోపలి నుంచి అంటించాడు. నెల రోజులు గది గదిలా ఉంది. తర్వాత బిల్డింగు కాపలా చూసే హారిస్ వచ్చి, తనిఖీకి వస్తున్నారు, అంటుకుంటే నలుగురూ మాడిపోతారు, పీకెయ్యమన్నాడు. అతడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, ఆ పలక నిప్పు తగిలితే ఆగదు. మేస్త్రీ తనే పీకాడు. పీకుతూ “ఊరికంతా కట్టినాం సాయిబూ. మన గోడ రూలుకు విరుద్ధం” అన్నాడు. ఆయన నోట అంత చేదు మాట ఆ ఒక్కసారే విన్నాను.

నాకు ఆయన వల్ల కలిగిన మేలు కూడా చెప్పాలి. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఇవాళ ఏ సైటుకు పోయినా ప్లాను కాగితం తిప్పి చూసి సరుకు ఎక్కడ దించాలో నేనే చెప్పగలను. అది ఆయన లారీలో పక్క సీట్లో కూర్చుని నేర్పింది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఒక గీత చూపించి “ఇదేంది?” అనేవాడు. తప్పు చెబితే పచ్చ లైటు పడినా పోనిచ్చేవాడు కాదు, వెనక బండ్లు హారను కొడుతుండేవి. “ముందు ఎండ యాడ పడతాదో చూడు, తర్వాత మంచం యాడ వేసేదో చూడు” అనేవాడు. మా ఇంట్లో మా అమ్మ మంచం మార్పించింది ఆ మాట మీదే.

ఇల్లు పూర్తయింది. కిందటి చలికాలం సెలవు మీద పోయి గృహప్రవేశం చేసుకుని, నలభై రోజులుండి వచ్చాడు. వచ్చాక వారం పాటు అదే కథ. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మూడున్నర అడుగుల లోపలికి వస్తుంది. బండలు వేడెక్కుతాయి. ఐదింటికి లోపలి నుంచి కిటికీలకు బొంతలు దించేస్తే వేడి బయటికి పోదు. ఎనిమిదింటికి కూడా నేల గోరువెచ్చగా ఉంటుంది. వదిన ఆ బండల మీదే చాప వేసుకుని పడుకుంది. “పడుకుంది” అన్న మాట ఆయన రెండుసార్లు అన్నాడు. తర్వాత లేచి బాల్టీ తీసుకుని నీళ్లకు వెళ్లాడు.

ఆయన వచ్చేశాక కూడా ఆమె ఎండ ఎంత దూరం వస్తోందో ప్రతి నెలా బండ మీద సున్నంతో గీత గీసి ఫొటో పంపేది. వేసవి వచ్చేసరికి గీత కిటికీ గడపకు చేరింది, తర్వాత గీయడానికి ఎండే రాలేదు. ఆయన లెక్క సరిపోయింది. ఈ డిసెంబరు వస్తే మళ్లీ మొదటి గీత దాకా రావాలి అని చూస్తున్నాడు. ఆమె ఫోన్లో మాట్లాడితే ఆ ఏడాదంతా ఈల లేదు.

ఆయన పోయాక కాగితాలు తిరగడానికి ఆరు రోజులు పట్టింది. నా ఇఖామా రెన్యువల్‌లో ఉండడంతో శవంతో పాటు పోలేకపోయాను. ఎయిర్‌పోర్టు దాకా పోయి వచ్చాను. ఊళ్లో అంబులెన్సు నుంచి ఇంటి వాకిట్లోనే దించారట, బయట పోయిన మనిషి కాబట్టి లోపలికి తీసుకుపోలేదు. ఆయన కట్టించిన ఇంటి ముందు, చలికాలపు ఎండలో, పెట్టె గంటసేపు ఉంది.

కర్మ అయిన మర్నాడు బావమరిది ఫోన్ చేశాడు. నేను అర్దియాలో సిమెంటు ఎక్కించడానికి వరసలో ఉన్నాను.

“అంతా అయిపోయింది బాయ్. కిటికీలు కూడా మూసేసినాం.”

“బొంతలు దించినారా?”

“బొంతలు కాదు. ఇటుకలతో పూడ్చేసినాం, రెండూ. వాస్తాయన ముందే చెప్పె కదా, యజమానికి మంచిది కాదని. చెప్పినట్టే ఆయె. ఇంకా తెరిచి పెట్టుకుంటామా?”

అతడు ఇంకా చెప్పాడు.

“ఇల్లు కూడా ఆర్నెల్లు మూసేయాల. బావ పోయిన నక్షత్రం బాగలేదంట. రేవతిలో పోయినాడు. అట్లా పోతే ఆ యజమాని ఇల్లు ఆర్నెల్లు వదిలిపెట్టాల. అక్కను బుధవారం మా ఇంటికి తీసుకుపోతాండా.”

నాకు నక్షత్రాల సంగతి తెలియదు. మా ఇళ్లలో ఇంకో రకం భయాలున్నాయి, ఒకరిని అనే హక్కు నాకు లేదు. ఊరికే అడిగాను, రేవతి ఎప్పుడు పోయిందని.

“ఆ పొద్దున ఏడున్నర దాకా ఉండాదంట. ఏడున్నర నుంచి అశ్విని. ఇంగో గంటన్నర ఆగి పోయింటే ఏ దోషమూ లేదంట బాయ్. రాత చూడు.”

ముందు లారీ కదిలింది. వెనకవాడు యల్లా యల్లా అని అరుస్తున్నాడు. నేను వేళ్ల మీద గంటలు లెక్కపెడుతున్నాను. ఆయన పోయింది ఇక్కడి ఆరు గంటలకు. అంటే వాళ్ల ఎనిమిదిన్నరకు. ఫోన్లో నేను ఆరింటికి అన్నాను. ఈడిదా, ఆడిదా అని అడిగే మనిషి పోయాడు. ఇంకెవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

లారీ పక్కకు తీసి పెట్టి, నక్షత్రం చూసిన పంతులుకు వెంటనే ఫోన్ ఇమ్మని బావమరిదిని బతిమాలాను. సాయంత్రానికి కలిపాడు. ఆసుపత్రి కాగితం ఫొటో కూడా పంపాను. పంతులు నెమ్మదైన మనిషి. నేను చెప్పేదంతా విన్నాడు. పుట తిప్పిన చప్పుడైంది.

“ఎనిమిదిన్నర అంటే అశ్విని వచ్చేసింది నాయనా. అశ్వినికి దోషం లేదు. అసలు ఆయన ఆ ఇంట్లో పోలేదు కూడా. ముందే ఈ టైము చెప్పింటే నేను ఇల్లు మూయమనేవాణ్ణి కాదు.”

“అయితే ఆమె ఆ ఇంట్లోనే ఉండొచ్చు కదా స్వామీ?”

“నా మటుకు నేను ఉండొచ్చనే అంటా.”

అక్కడే కూర్చుని స్పీకరులో వింటున్న పెద్దాయన ఎవరో అందుకున్నాడు. మేస్త్రీకి పెదనాన్న వరస అని తర్వాత తెలిసింది.

“అదెట్లా స్వామీ? మొన్న మూయమంటిరి, ఇప్పుడు తెరవమంటారు. కువైట్ టైము, మన టైము అని రెండు చావులుంటాయా మనిషికి? ఊరంతా విన్నారు. రేపు ఆ ఇంట్లో ఇంకొకరికి ఏమన్నా అయితే జవాబు ఎవురు చెప్తారు? ఈ సాయిబు చెప్తాడా?”

పంతులు ఒక్కసారి “లెక్క ప్రకారం అయితే దోషం లేదు” అన్నాడు. తర్వాత పంచాంగం మూసిన చప్పుడైంది. బావమరిది ఫోను తీసుకున్నాడు.

“బాయ్, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. మాకు భయం. ఉండేది మేము.”

“మీ అక్కకు ఊపిరాడదు. ఈ చలికాలానికే ఆ ఇల్లు కట్టినాడు ఆయన. ఆర్నెల్లంటే ఎండలు వచ్చేస్తాయి.”

“ఎండాకాలం పోతాదిలే ఆ ఇంటికి” అన్నాడు. అతడు ఎగతాళిగా అనలేదు. ఓదార్పుగానే అన్నాడు.

వదినతో నేను మాట్లాడింది మంగళవారం మధ్యాహ్నం. ఆమే చేసింది. కిటికీలు పూడ్చి నాలుగు రోజులే అయింది. మాటల మధ్య ఈల మళ్లీ వచ్చింది.

“నువ్వు చెప్పినావంట కదన్నా, ఎనిమిదిన్నర అని.”

“ముందే చెప్పాల్సింది వదినా. నాదే తప్పు.”

“వాళ్లతో నేనూ కొట్లాడినా. ఆ కిటికీలో కూచొని ఊపిరి తీసుకున్నది నేను, మీరు కాదు, పూడ్చొద్దండి అన్నా. మొగుణ్ణి పోగొట్టుకొని ఇంకా కిటికీ అంటాండావే అనిరి. ఇంగేం మాట్లాడేది?”

“తమ్ముడి ఇంట్లో ఎండ వస్తుందా?”

“యాడ? మిద్దె కింద గోడౌను పక్కగది. టమేటా పెట్టెలు పెట్టేది. చల్లగా ఉంటాదని కట్టించినాడు, కాయ చెడిపోకుండా.”

ఆమె దగ్గి, నీళ్లు తాగి వచ్చింది.

“రెండున్నర గంటలకు ఆర్నెల్లన్నా” అంది. తిట్టలేదు. నేను తలుపు ఏ దిక్కుకుందో చూసుకోమని, మంచం గోడకు ఆనించకుండా వేసుకోమని, మేస్త్రీ చెప్పే మాటలే చెప్పాను. ఆమెకు అవన్నీ నాకంటే బాగా తెలుసు. ఊఁ కొట్టింది.

ఇది రాస్తున్నది మేస్త్రీని పొగడడానికి కాదు. పనిమంతుడు, పనిలో తప్పు చేస్తే తనే దిద్దుకున్నాడు. నీడ తప్పు కొలిచినప్పుడు గోడ లేవకముందే తెలిసింది, గీత చెరిపి మళ్లీ గీశాడు. నా తప్పు తెలిసేసరికి ఇటుకలు ఆరిపోయాయి. ఇక్కడి నుంచి ఇంటికి చావు కబురు చెప్పేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. అది ఏ దేశం టైమో కూడా చెప్పండి. అడిగేవాళ్లు ఎందుకు అడుగుతున్నారో మనకు తెలియదు.

మా గదిలో ఆయన మంచానికి పీలేరు మనిషి వచ్చాడు. టైల్స్ పని చేస్తాడు. ఎగైలా విల్లాలో మిగిలిన గోడలు వేరే మేస్త్రీ కట్టాడు, ఇంజనీరు సంతకం పెట్టాడు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి, అక్కడి టైము, వదిన ఇల్లు వదిలి తమ్ముడి వెంట ఆటోలో వెళ్లింది. ఒక పరుపు, మందుల సంచి తీసుకుపోయింది. తాళం తమ్ముడు వేశాడు.